ఏసుపాదం పరలోక ప్రవేశానికి అభ్యంతరాలు

నరకం ఎంతకాలం ఉంటుందన్న సంగతి మొన్నటి మహాసభల దాకా మా సంఘంలో ఎవరికీ పట్టలేదు. ఉందని తెలుసు. వేడిగా ఉంటుందని తెలుసు. మనకు తెలిసినవాళ్ళు కొందరు తప్పకుండా అటే పోతారని గట్టి నమ్మకం. అంతకు మించి వివరాలు ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో ఎండాకాలం గడిపినవాళ్ళకు ఆ విషయంలో ఊహ చాలినంత ఉంటుంది.

ఈసారి సభలకు ముగ్గురు ప్రసంగీకులను పిలిచారు. మొదటి రోజు వచ్చినాయన, నరకంలో పడ్డవాడు ఎన్నటికీ బయటికి రాడని బల్ల గుద్ది చెప్పాడు. జనం ఏడ్చారు. రెండో రోజు వచ్చినాయన, అగ్ని అన్నాక కాల్చేస్తుంది, కాలిపోయినవాడు ఇక ఉండడు, కాబట్టి బాధా ఉండదన్నాడు. జనం ఊపిరి పీల్చుకున్నారు. మూడో రోజు వచ్చినాయన మహా సౌమ్యుడు. ఎంత దుర్మార్గుడైనా చివరికి శుద్ధి అయి తండ్రి ఇంటికి చేరతాడని మృదువుగా చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు గానీ ఇళ్ళకు వెళ్ళేటప్పుడు మొహాలు చిన్నబోయాయి. మా వీధి చివరింటి మార్తమ్మగారు ఆటో ఎక్కబోతూ ఆగి, "అందరూ అంటే మా ఆడబిడ్డ కూడానా?" అని నన్నడిగింది. నేనేం చెప్పను?

మరుసటి వారమే ఈ విషయం తేల్చడానికి సంఘ పెద్దలు ఒక ఉపసంఘం వేశారు. పేరు 'నరక కాలపరిమితి నిర్ధారణ ఉపసంఘం'. మా ఆయన సాల్మన్‌గారు హైస్కూల్లో లెక్కల మాస్టారు, దస్తూరి బాగుంటుంది, అందువల్ల ఆయన్ను కార్యదర్శిని చేశారు. సమావేశాలు మా ఇంట్లోనే. సంఘం ఆఫీసుగదిలో ఫ్యాను తిరగదు. మా ఇంట్లో ఫ్యానూ తిరుగుతుంది, టీ కప్పులు పట్టుకుని నేనూ తిరుగుతుంటాను.

అధ్యక్షులు రత్నాకరంగారు తహసీల్దారుగా రిటైరయ్యారు. ఆయన 'మంచినీళ్ళు కావాలి' అన్నా గ్రామసభలో ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

"మొట్టమొదట సమస్య పరిధిని నిర్ధారించవలసి ఉన్నది," అన్నారాయన. "నరకవాసం శాశ్వత స్వభావం కలదా, తాత్కాలిక స్వభావం కలదా? శాశ్వతమైతే పట్టా. తాత్కాలికమైతే లీజు. ఈ రెంటికీ మధ్య మా శాఖలో ఇంకొకటి లేదు. నా వ్యక్తిగత అభిప్రాయం పట్టా."

"అంత కఠినం పనికిరాదండీ," అన్నారు జీవరత్నంగారు. ఈయన జైలు సూపరింటెండెంటుగా చేసి దిగినాయన. "నా సర్వీసులో యావజ్జీవం పడ్డవాళ్ళను కూడా సత్ప్రవర్తన మీద ఇంటికి పంపించాను. తోటపని బాగా చేస్తే చాలు, పైకి రాసేవాడిని. దేవుడి దగ్గర ఆపాటి ఏర్పాటు ఉండదంటారా?"

మూడో సభ్యుడు నతానియేలుగారు కరెంటాఫీసులో ఇంజనీరు. "అసలు ఎవరున్నారని విడుదల చెయ్యడానికి?" అన్నారాయన విసుగ్గా. "ఫీజు పోయాక వెలుతురు ఎక్కడికెళ్ళిందని అడుగుతామా? లేదు, అంతే. పైగా నిత్యం మండాలంటే సప్లయి ఎక్కణ్ణించి వస్తుంది? ఆ లోడు ఎవరు చూసుకుంటారు?"

పాస్టరుగారు కుర్రాయన. కుర్చీ అంచున కూర్చుని, "ఆ సంగతి దేవుడికి వదిలేస్తే..." అన్నాడు.

"వదిలెయ్యడం నిర్ణయం కాదండీ పాస్టరుగారూ. నిర్ణయరాహిత్యం," అన్నారు రత్నాకరంగారు. ఆ మాట మా ఆయన శ్రద్ధగా రాసుకున్నారు.

సరిగ్గా అప్పుడు దీనమ్మ వచ్చింది.

దీనమ్మది బస్టాండు మలుపులో బజ్జీల బండి. ఆమె మొగుడు ఏసుపాదం పెళ్ళిళ్ళ బ్యాండులో బూరా ఊదేవాడు. వేసవిలో పోయాడు. తాగుబోతే, దాంట్లో దాపరికం లేదు, ఆయనే పెట్టుకోలేదు. సమాధి మీద పెట్టడానికి దీనమ్మ రాతి సిలువ చెక్కించింది. దాని మీద పేరు పడింది, కింద ఒక్క వాక్యం పడాలి: 'ప్రభువునందు నిద్రించెను'. మా శ్మశానంలో ప్రతి సమాధి మీదా ఉండే వాక్యమే. పెద్దల అనుమతి కావాలన్న నియమం ఎప్పుడూ ఉంది గానీ, అడగడం, ఇవ్వడం రెండూ గుమ్మంలోనే అయిపోయేవి. సమాధుల పండుగ దగ్గరికొస్తోంది. ఆ రోజు ఊళ్ళో క్రైస్తవులంతా సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఏసుపాదానికి ఇది మొదటి పండుగ. ఆ లోపల రాయి నిలబెట్టాలని దీనమ్మ ఆత్రం.

"ఆ వాక్యం సామాన్యమైంది కాదమ్మా," అన్నారు రత్నాకరంగారు. "పరలోక ప్రవేశాన్ని ధ్రువీకరించే వాక్యం. రెండో స్థలం సంగతి మా పరిశీలనలో ఉండగా మొదటి స్థలానికి ఊరికే అనుమతి ఇవ్వజాలము. నీ భర్త మద్యం సేవించేవాడా?"

"తాగేవోడండి."

"ఆరాధనకు హాజరయ్యేవాడా?"

"క్రిస్మస్‌కి వచ్చేవోడండి. ఊదటానికి."

"నిన్ను కొట్టడం వగైరా?"

"ఆయనా!" దీనమ్మ నవ్వింది. "నేనే అట్లకాడ తీసుకుని వెంటబడ్డానండి ఒకటి రెండు మాట్లు. దొరికితేగా."

"నీ వాంగ్మూలమే నీ కేసుకు వ్యతిరేకంగా ఉన్నది."

"కేసేందండీ? రాయి మీద ఒక్క ముక్క. నా మొగుణ్ణి నేను తిట్టుకుంటా. తిట్టడానికి మీరెవరండీ? మీ అమ్మగారి రాయి మీద లేదూ ఆ ముక్క?"

రత్నాకరంగారు టీ వైపు చూశారు. టీలో తప్పేం లేదు, చక్కెర కూడా సరిగ్గానే వేశాను. ఆ బిగింపు సడలించడానికి నేనో చిన్న మాటన్నాను. "పెళ్ళికే మూడు ఆదివారాలు గుళ్ళో ప్రకటన చదివి, 'ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పండి' అంటారు కదండీ. అంతటి పరలోకానికి ఊరికే పంపేస్తే ఎట్లా?"

ఆడది హాస్యమాడితే మా పెద్దలు నవ్వరు. తీర్మానం చేస్తారు.

"భేష్!" అన్నారు జీవరత్నంగారు. "ఉన్న పద్ధతే. సంఘానికి అలవాటైందే."

"పాత కనెక్షన్లకూ వర్తించాలి," అన్నారు నతానియేలుగారు. "రూలంటే అందరికీ రూలే."

దీనమ్మ నా వంక చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. "గ్రేసక్కా, నీకు నేనేం అపకారం చేశాను?" అంది, నాకు మాత్రమే వినపడేట్టు.

తీర్మానం ఇలా ఉంది: 'మృతులైన సంఘ సభ్యుల పరలోక ప్రవేశ విషయమై వరుసగా మూడు ఆదివారములు ఆరాధనలో ప్రకటన చదువవలెను. అభ్యంతరములు రానిచో వాక్యము చెక్కుకొనవచ్చును. అభ్యంతరము వచ్చినచో విచారణ ముగియువరకు సదరు సమాధిపై గల వాక్యమును ఎర్ర జాజుతో పూయవలెను. పూత గల సమాధులపై కొవ్వొత్తులు నిషిద్ధము.'

మొదటి ఆదివారం పాస్టరుగారు తలెత్తకుండా చదివాడు: "మన సంఘ సభ్యుడు, కీర్తిశేషుడు ఏసుపాదం పరలోకమునందు ప్రవేశించుటకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన." ఆ వెనక పాత సమాధుల పేర్లు, శ్మశానం గేటు దగ్గరి వరస నుంచి మొదలుపెట్టి, వారానికి కొన్ని వరసల చొప్పున.

ఏసుపాదం పేరుకు ఎవరూ లేవలేదు. మొదటి రోజు కదా, మొహమాటం అనుకున్నాం. ఆ మొహమాటం రెండో పేరుకే తీరిపోయింది.

"ఆయన మా నాన్న దగ్గర నిచ్చెన పట్టుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదు," అన్నాడు వెనక బెంచీలోంచి ఒకాయన.

"నిచ్చెన పుచ్చిపోయిందిరా, దాన్ని ఎట్టా ఇస్తారు?" అన్నాడు చనిపోయినాయన మనవడు.

"అయితే ఆ ముక్కే చెప్పాల్సింది!"

"అభ్యంతరం స్వీకరించబడినది," అన్నారు రత్నాకరంగారు.

అంతే. జనానికి చవి తెలిసింది. ఒకావిడ పెళ్ళిభోజనంలో తన వరస దాటించి వడ్డించాడని ఒక పెద్దాయన్ను ఆపింది. ఒకాయన పాటల బృందంలో గొంతు మించి పాడి తన పాట ఎవరికీ వినపడనివ్వలేదని సొంత బాబాయిని ఆపాడు. ఈ సంఘాన్ని కట్టిన తొలి పెద్ద కూడా తప్పించుకోలేదు. ఆయన గుడి కట్టించేటప్పుడు తలుపు పడమటికి పెట్టించాడట, సాయంత్రం ఆరాధనలో ఎండ వీపుల మీద కొడుతోందని సగం సంఘం ఏకగ్రీవంగా అభ్యంతరపడింది. అంతకుముందు గుడికి రానివాళ్ళు కూడా ఇప్పుడు పెందలాడే వచ్చి ముందు బెంచీలు పట్టుకుంటున్నారు. ఇంత ఉజ్జీవం మహాసభల్లో కూడా రాలేదని పాస్టరుగారు దిగులుగా అన్నాడు.

వారం మధ్యలో ఉపసంఘం జాజు డబ్బాతో శ్మశానానికి వెళ్ళి వాక్యాలు పూసి వచ్చింది. తెల్లటి సమాధుల మీద ఎర్రటి పట్టీలు. దూరం నుంచి చూస్తే అందరికీ దెబ్బలు తగిలి కట్లు కట్టినట్టుంది.

రెండో ఆదివారం రత్నాకరంగారి తల్లిగారి పేరు వచ్చింది. ఆయన ధైర్యంగా కూర్చున్నారు. తహసీల్దారు తల్లి మీద ఎవరు లేస్తారు?

ఆయన భార్య లిల్లీగారు లేచారు.

"మా అత్తగారు. నాకు అభ్యంతరం ఉంది."

"నీకా?" అన్నారు రత్నాకరంగారు. తర్వాత గొంతు సర్దుకుని, "అభ్యంతర స్వభావం తెలియజేయవలెను," అన్నారు.

"చుట్టాలు భోజనానికి కూర్చున్నప్పుడల్లా నేను పోసిన మజ్జిగ చూసి, 'కాలవ లాకులు ఎత్తేశారా?' అని అడిగేవారు. అందరూ నవ్వేవాళ్ళు. దానికి నేనొక జవాబు ఆలోచించి పెట్టుకున్నాను. చెప్పేలోపల ఆవిడ పోయారు."

"ఆ జవాబేమిటి?" అన్నారు జీవరత్నంగారు ఆసక్తిగా.

"ఆవిడకే చెబుతాను."

రత్నాకరంగారి పక్కన కూర్చుని రాసుకుంటున్న మా ఆయన చేతిలో కలం ఆగిపోయింది. రత్నాకరంగారు చాలాసేపు చేతులు నలుపుకుని, చివరికి తన నోటితో తనే, "అభ్యంతరం... స్వీకరించబడినది," అన్నారు. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనంలోకి మజ్జిగ లేదని విన్నాను.

మూడో ఆదివారం జాబితాలో మా అత్తగారు ఉన్నారు. ఆ సంగతి మా ఆయన నాకు చెప్పలేదు గానీ, ఆ వారమంతా ఆయనే కూరగాయలు తరిగారు. గురువారం మల్లెపూలు తెచ్చారు. శనివారం నా కాఫీ రుచి చూసి, "మా అమ్మ కాఫీ కంటే ఇదే బాగుంటుంది," అన్నారు. బతికుండగా ఈ మాట ఆవిడకు వినపడేట్టు ఒక్కసారి అని ఉంటే నాకు పేచీయే లేదు. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ఆదివారం చూద్దాం," అన్నాను.

మా అత్తగారి పేరు చదివారు. నేను లేచాను. మా ఆయన కలం చేతిలోంచి జారింది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని మళ్ళీ కూర్చున్నాను. కూర్చున్నానో లేదో, వెనకనుంచి మార్తమ్మగారు లేచి, మా అత్తగారు తనకు పెట్టిన జాకెట్టు గుడ్డ ఒక్క ఉతుక్కే రంగు దిగిపోయిందని అభ్యంతరం చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. మా అత్తగారి మీద అభ్యంతరం చెప్పడానికి ఈవిడెవరు?

అన్ని పేర్లూ అయ్యాక, పాస్టరుగారు నీళ్ళు తాగి ఏసుపాదం మూడో ప్రకటన చదివాడు. చదివి ఆగాడు. అందరం మెడలు తిప్పి చూశాం. మార్తమ్మగారు మళ్ళీ లేచింది.

"మా అమ్మాయి పెళ్ళిలో తాగొచ్చాడు," అంది.

"ఆఁ?" అన్నారు రత్నాకరంగారు ఆశగా.

"తాగొచ్చి..." ఆవిడ కాసేపు ఆలోచించింది. "చాలా బాగా ఊదాడండీ. అప్పగింతలప్పుడు ఆయనే ఏడ్చాడు," అని కూర్చుంది.

ఇంకెవరూ లేవలేదు. రత్నాకరంగారు వేదిక ఎక్కి, ఎంత ఇబ్బంది పడినా నియమానికి కట్టుబడి ప్రకటించారు: "మన శ్మశానవాటిక మొత్తం మీద నిరభ్యంతరముగా పరలోక ప్రవేశార్హత పొందిన ఏకైక వ్యక్తి కీర్తిశేషుడు ఏసుపాదం అని ఇందుమూలముగా తెలియజేయడమైనది. వాక్యము చెక్కుకొనవచ్చును."

ఆడవాళ్ళ వైపు గుసగుసలు లేచాయి. దీనమ్మను నేను మోచేత్తో పొడిచాను, వెళ్ళి కాగితం తీసుకోమని. ఆమె కదల్లేదు.

"ఆయనొక్కడేనా అండీ?" అంది కూర్చునే.

"ఒక్కడే."

"మిగతావోళ్ళంతా?"

"విచారణలో ఉన్నారు."

దీనమ్మ లేచి నిలబడింది. "అయితే నాకు అభ్యంతరం ఉందండి."

గుడి గుడంతా ఆవిడ వైపు తిరిగింది. "అమ్మా, నీ భర్తకే నువ్వు..." అన్నారు రత్నాకరంగారు.

"ఆయనొక్కడూ ఒక పూట ఉండలేడండి. నేను బండి కాడికి పోతే ఎనకాలే వచ్చి కూచునేవోడు, పనేం చెయ్యడు, ఊరికే జనం కోసం. బూరా ఊదాలంటే ఎదురుగా పెళ్ళివారుండాలి, పిల్లలుండాలి, ఆపరా నాయనా అనేవోళ్ళు ఒకళ్ళిద్దరన్నా ఉండాలి. ఎవురూ లేని కాడ ఆ బూరా పట్టుకుని ఏం చేస్తాడండీ? తిట్టడానికి నేను లేను, ఇనడానికి మీ వోళ్ళు లేరు. పరలోకమంతా ఖాళీగా పెట్టి ఆయనొక్కణ్ణి లోపలికి తోస్తారా? మీరు గ్రేసక్క ఇంటో కూచుని ఎన్నాళ్ళుంటదా అని లెక్కలేస్తున్నారే, ఆ రెండోది, దానికీ దీనికీ తేడా ఏందండీ?"

పాస్టరుగారు ప్రకటనల కాగితం మడిచాడు.

"పంపితే అందర్నీ పంపండి. లేదంటే ఆయనకీ జాజు పూయండి. అందరితో పాటు ఉంటాడు."

"ఆలోచించుకోమ్మా," అన్నారు రత్నాకరంగారు. ఆయన గొంతులో గ్రామసభ పోయింది. "రాయి మీద వాక్యం పోతుంది."

దీనమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఒక్క ముక్క కోసం ఆమె ఎన్నిసార్లు మా గుమ్మం ఎక్కిందో నాకు తెలుసు. "పోనీండి," అంది.

రత్నాకరంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అభ్యంతరం స్వీకరించబడినది."

ఆ సాయంత్రం ఉపసంఘం మా ఇంట్లో అత్యవసరంగా కూడింది. శ్మశానంలో కొవ్వొత్తికి అర్హత ఉన్న సమాధి ఒక్కటీ మిగల్లేదు. పండుగ నాలుగు రోజుల్లో పడింది. జనం ఊరుకోరు. ఎవరి అభ్యంతరం వాళ్ళకి న్యాయమే గానీ, ఎవరి కొవ్వొత్తి వాళ్ళకి కావాలి. అభ్యంతరాలు వెనక్కి తీసుకునే వీలు తీర్మానంలో లేదు. రాసింది మా ఆయనే, ఎవర్నీ అనడానికి లేదు.

"యథాతథ స్థితి," అన్నారు చివరికి రత్నాకరంగారు. "విచారణ తేలేవరకు తీర్మానానికి పూర్వపు స్థితి కొనసాగవలెను. జాజు కడిగివేయవలెను. ఉన్న వాక్యాలు ఉంటాయి. లేనివి కొత్తగా చెక్కరాదు."

"అంటే అందరివీ ఉంటాయి, దీనమ్మ మొగుడిది తప్ప," అన్నాను నేను, కప్పులు తీస్తూ.

"నియమం మేరకు అంతేనమ్మా," అన్నారాయన నా వంక చూడకుండా.

"మరి అసలు విషయం? నరకం ఎంతకాలమన్నది?" అన్నారు నతానియేలుగారు.

దానికి ఇంకా చాలా సమావేశాలు పడతాయని అందరూ ఒప్పుకున్నారు. నరకం కాలపరిమితి తేలలేదు గానీ, ఉపసంఘం కాలపరిమితి ఏకగ్రీవంగా తేలింది. 'నిరవధికము' అని మా ఆయన రాసుకున్నారు. టీ పెట్టేది నేను కనక, రెంటిలో ఏది దీర్ఘమో నాకు ఒక అభిప్రాయం ఉంది.

పండుగనాడు పొద్దు వాలుతుండగా శ్మశానానికి వెళ్ళాం. బకెట్లలో సున్నం, బుట్టల్లో బంతిపూలు, పిల్లల చేతుల్లో కొవ్వొత్తులు. జాజు కడిగినా కొన్నిచోట్ల గులాబీరంగు మరక మిగిలింది. ఆ మరకల మీదే సున్నం పడింది. నిచ్చెన పోగొట్టుకున్న ఇంటివాళ్ళు, నిచ్చెన ఎగ్గొట్టిన ఇంటివాళ్ళు ఒకే బకెట్‌లో కుంచెలు ముంచుతున్నారు. లిల్లీగారు అత్తగారి సమాధి దగ్గర కూర్చుని ఏదో చెబుతున్నారు, చాలాసేపటి నుంచి. ఆ మజ్జిగ జవాబే అయి ఉండాలి. చెప్పడం అయ్యాక కొవ్వొత్తి వెలిగించారు.

మా అత్తగారి సమాధికి నేనే సున్నం కొట్టాను. ఒక మూల సరిగ్గా పడలేదు. ఆవిడ ఉంటే ఆ మూలే చూసేది. రెండో చెయ్యి కూడా వేశాను.

దీనమ్మ రాతి సిలువ చివరి వరసలో ఉంది. ఏసుపాదం పేరు, కింద ఖాళీ. ఆమె ఆ ఖాళీ కనపడకుండా బంతిపూల దండ వేలాడదీస్తోంది. దండ జారిపోతోంది.

మిగిలిన సున్నంలో కలపడానికి తెచ్చిన నీలిమందు నా సంచీలో ఉంది. చిన్న డబ్బాలో చిక్కగా కలుపుకుని, సన్న కుంచె తీసుకుని, దండ పక్కకు జరిపి రాయడం మొదలుపెట్టాను.

"కమిటీవోళ్ళు ఊరుకుంటారా అక్కా?" అంది దీనమ్మ.

"చెక్కరాదన్నారు. రాయరాదనలేదు."

సగం రాశానో లేదో, వెనకనుంచి మా ఆయన గొంతు. "గ్రేస్, ఇది యథాతథ స్థితికి విరుద్ధం."

"మూడు ఆదివారాలు చదివారుగా. సంఘంలో ఎవరికీ అభ్యంతరం లేదు."

"దీనమ్మకు ఉంది. నేనే రాసుకున్నాను."

దీనమ్మ లేచి నిలబడి చుట్టూ చూసింది. చీకటి పడుతోంది. గేటు దగ్గరి వరస నుంచి చివరి గోడ దాకా ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. తలుపు పడమటికి పెట్టినాయనది, పాటలో గొంతు మించినాయనది, జాకెట్టు గుడ్డ పెట్టిన మా అత్తగారిది. ఎవరో పిల్లవాణ్ణి సమాధి ఎక్కొద్దని కేకలేస్తున్నారు. ఇద్దరు ముసలాళ్ళు ఎందుకో గట్టిగా వాదించుకుంటున్నారు.

"ఇప్పుడు లేదండి," అంది దీనమ్మ. "అంతా ఉన్నారుగా."

మా ఆయన ఆ ముక్క రాసుకోవడానికి జేబులు తడుముకుని, కలం తేలేదని గుర్తొచ్చి, నా నీలిమందు డబ్బా పట్టుకుని నిలబడ్డారు.

నేను చివరి అక్షరం దిద్దుతుండగా రత్నాకరంగారు అటుగా వచ్చారు. మేమందరం ఆగిపోయాం. ఆయన వంగి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివారు. మళ్ళీ చదివారు. ఉత్తర్వు ఏదో వస్తుందని ఎదురుచూశాం.

"వాక్యం తిన్నగా లేదమ్మా," అన్నారాయన. "చివరికొచ్చేసరికి పైకెక్కింది."

"పైకేగా అండీ, పర్లేదు," అంది దీనమ్మ, కొవ్వొత్తి వెలిగిస్తూ.